కొత్త ఈసీయూ పెట్టినంక బండి ఎందుకు సతాయిస్తది?

పొద్దుగాల ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయిన బండి, మధ్యాహ్నం ఎండల అరగంట ఆపి మళ్ల చావి తిప్పితే పది సెల్ఫ్‌లు కొట్టినా అందుకోదు. హన్మకొండ చౌరస్తాల ఆగితే ఆర్‌పీఎం 700కు 1,500కు నడుమ ఊయల ఊగుతది, ఏసీ వేయంగనే ఆగిపోతది, మూడో గేర్ల రేస్ ఇస్తే ఒక జర్క్ కొట్టి అప్పుడు లేస్తది. కంపెనీ ఈసీయూ (ఇంజిన్‌కు పెట్రోల్ ఎంత, నిప్పు ఎప్పుడు అని చెప్పే కంప్యూటర్ డబ్బా) తీసేసి బయటి ఈసీయూ పెట్టించిన బండ్లల్ల ఎక్కువగ వినొచ్చే కంప్లయింట్లు ఇవే.

ఇసొంటి బండి ఎవరి దగ్గరికి తీస్కపోయినా ముందు వచ్చే మాట 'మ్యాప్ మంచిగ లేదు' అని, మ్యాప్ అంటే ఎప్పుడు ఎంత పెట్రోల్ పోవాల్నో ఈసీయూకు చెప్పే నంబర్ల పట్టిక. ట్యూనర్ (ఆ నంబర్లు సరిచేసేటాయన) ఏ వేరే ఊర్లనో ఉంటడు, వాట్సప్‌ల ఇంకో ఫైల్ పంపుతడు, అది ఎక్కిస్తే రెండు రోజులు బాగైనట్టే అనిపిస్తది, మూడో రోజు మళ్ల మొదటికొస్తది. ఐదారు ఫైళ్లు మారినంక 'ఈ డబ్బానే పనికిరాదు' అని తేల్చేస్తరు. చాన కేసులల్ల తప్పు ఫైల్‌ది కాదు, డబ్బాది కూడ కాదు.

క్లుప్తంగ చెప్పాలంటే: కొత్త ఈసీయూకి ఆ ఇంజిన్ గురించి ఏమీ తెల్వదు, చెప్పిందే నమ్ముతది. కరెంటు, ఎర్త్, క్రాంక్ సిగ్నల్, టైమింగ్ (నిప్పు పడే క్షణం), సెన్సర్ల లెక్క ఇవి సరిగ్గ లేకుంటే పెట్రోల్ మ్యాప్ ఎన్నిసార్లు మార్చినా ఫాయిదా లేదు. మన దిక్కు ఎండలు, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ కలిసి ఈ తప్పులను ఇంకింత బయటపెడ్తయి. కొత్త బండ్లల్లనైతే ఇంజిన్ మంచిగ నడిచినా మీటర్, ఏసీ, స్టీరింగ్ మొరాయిస్తయి. పొల్యూషన్ టెస్ట్, చట్టం సంగతి కూడ దీంట్లనే ఉన్నది.

కంపెనీ డబ్బాకు తెలిసింది, కొత్త డబ్బాకు తెల్వనిది

కంపెనీ ఈసీయూ ఆ ఒక్క ఇంజిన్ కోసమే తయారైతది. క్రాంక్ చక్రానికి ఎన్ని పండ్లున్నయి, ఏ పన్ను కాడ మొదటి పిస్టన్ పైకొస్తది, పెట్రోల్ కొట్టే ఇంజెక్టర్ తెరుచుకోనీకి ఎంత టైం పడ్తది, కూలెంట్ సెన్సర్ 80 డిగ్రీలకు ఎన్ని ఓమ్‌లు చూపిస్తది, ఏసీ వేస్తే ఎంత గాలి ఎక్కువియ్యాలె, ఇవన్నీ దాని లోపల్నే రాసుంటయి, ఇంజినీర్లు చలికాలం, ఎండకాలం, ఘాట్ రోడ్డు అన్ని చూసి ఏండ్లకేండ్లు కూసొని సరిచేసిన నంబర్లు అవి. బయటి ఈసీయూ అట్ల కాదు, అది నాలుగు సిలిండర్ల మారుతి ఎస్టీమ్‌కు పెట్టొచ్చు, సింగిల్ సిలిండర్ బైక్ ఇంజిన్ పెట్టిన కాలేజీ రేస్ కారుకు కూడ పెట్టొచ్చు, కాబట్టి ప్రతి సంగతి మనమే చెప్పాలె. చెప్పకుంటే ఊకోదు, డబ్బాల ముందే ఉన్న డిఫాల్ట్ నంబర్‌నే నిజమనుకొని పనిచేస్తది. సగం సమస్యలకు మూలం ఇదే.

2001ల బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు మెగాస్క్విర్ట్ మొదలువెట్టినప్పటి నుంచి ఇంట్ల కూసొని సోల్డరింగ్ చేసుకునే ఈసీయూలు వచ్చినయి, తర్వాత ఆర్డుయినో మెగా బోర్డు మీద నడిచే స్పీడుయినో వచ్చింది. డబ్బా ధర తగ్గింది గని ట్యూనింగ్‌కు పట్టే టైం ఏం తగ్గలే. హాల్‌టెక్, లింక్ లాంటి ఖరీదైన వాటిల్ల కూడ ఈ పని తప్పదు, జర సులువైతది అంతే.

ఇక్కడ మూడు తీర్ల పనులను ఒక్క గాటన కట్టొద్దు. రీమ్యాప్ అంటే అదే డబ్బా, లోపలి నంబర్లే మారుతయి, వైరింగ్ గొడవ ఉండదు. పిగ్గీబ్యాక్ అంటే కంపెనీ ఈసీయూకు, ఇంజిన్‌కు నడుమ కూసొని సిగ్నళ్లు మార్చేది. దీంట్ల ఒక విచిత్రమైన సమస్య వస్తది: పెట్టిన కొత్తల బండి మంచిగ లాగుతది, నాలుగు రోజులకు మామూలైతది. ఎందుకంటే వెనక ఉన్న కంపెనీ ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంట 'పెట్రోల్ ఎక్కువ పోతున్నది' అని నేర్చుకొని మెల్లమెల్లగ తగ్గించేస్తది. మూడోది స్టాండలోన్, కంపెనీ డబ్బా పూర్తిగ పక్కకు పోతది. ఈ వ్యాసంల ఎక్కువ దీని గురించే.

ముందు కరెంటు, ఎర్త్

ఎవరికీ నచ్చని పని ఇది, లాప్‌టాప్ మూసి బానెట్ కింద మల్టీమీటర్ పట్టుకోవాలె. గని ఎక్కువ బండ్లు బాగయ్యేది ఇక్కడనే.

మొదటి పరీక్ష చాన చిన్నది. మీటర్ నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ముల్లు ఈసీయూ ఎర్త్ పిన్ మీద పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలె. మీటర్ 0.1 వోల్ట్ దగ్గర ఉంటే మంచిది, 0.2 దాటితే అనుమానించాలె, 0.5 చూపిస్తే ఇంక మ్యాప్ ముట్టుకునే పనే లేదు. కారణం ఎక్కువగ ఒక్కటే, ఎర్త్ వైర్‌ను పెయింట్ ఉన్న బాడీ మీద స్క్రూ పెట్టి బిగించి ఉంటరు. ఇంజిన్ బ్లాక్ మీదనో హెడ్ మీదనో గీకి తెల్లగ చేసిన లోహం మీద పెట్టాలె, ఈసీయూ పవర్ ఎర్త్‌లన్నీ ఒక్క కాడనే పెట్టాలె.

సెన్సర్ల ఎర్త్ వేరే సంగతి. అది బాడీకి పోవద్దు, ఈసీయూ సెన్సర్ ఎర్త్ పిన్‌కే పోవాలె. ఎందుకో లెక్కల చూస్తే తెలుస్తది. మ్యాప్ సెన్సర్ (ఇంటేక్ మానిఫోల్డ్‌ల గాలి ఒత్తిడి కొలిచేది, పైన చెప్పిన పెట్రోల్ మ్యాప్ వేరు) 4 వోల్ట్‌ల తేడాల 100 కిలోపాస్కల్ చూపిస్తదనుకుందాం, ఎర్త్‌ల 0.2 వోల్ట్ తేడా వస్తే రీడింగ్ 5 కిలోపాస్కల్ తప్పుతది. ఐడిల్‌ల (రేస్ ఇయ్యకుండ ఇంజిన్ ఊకె తిరిగేటప్పుడు) 35 ఉండాల్సిన కాడ 40 కనవడ్తది, అంటే ఏడో వంతు పెట్రోల్ ఎక్కువ పోతది. పైగా ఈ తేడా ఎప్పుడూ ఉండదు, రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడే వస్తది, ఫ్యాన్ ఆగంగనే పోతది. బండి ఒకసారి మంచిగ, ఒకసారి పాడుగ నడుస్తుంటే మనిషికి ఫైల్ మీదనే అనుమానం పోతది మరి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ ఎంతకు పడ్తున్నదో కూడ చూడాలె. పాత బ్యాటరీ 9 వోల్ట్‌ల కిందికి పడితే కొన్ని ఈసీయూలు రీసెట్ అయితయి. ఇంకో తప్పు బయటికి భలే స్పష్టంగ కనవడ్తది: సెల్ఫ్ తిరిగినంత సేపు ఇంజిన్ అందుకోదు, చావి వదిలిన ఆ ఒక్క క్షణంల 'బుర్ర్' మని ఒకసారి అందుకోవాలని చూస్తది. అట్లయితే ఈసీయూ కరెంటు తీసుకున్న లైన్ సెల్ఫ్ టైంల కట్ అయ్యే లైన్ అని అర్థం. చావి స్విచ్‌ల కొన్ని లైన్లు స్టార్టింగ్ టైంల కావాల్నే బంద్ అయితయి, స్టీరియో ఆగిపోయేది అందుకే. ఈసీయూ లైన్ సెల్ఫ్ టైంల కూడ బతికుండేది కావాలె.

ఇక్కడనే ఇంకో మాట. పెట్రోల్ పంప్ స్టార్ట్ కాకుంటే దాన్ని నేరుగ చావికి కలిపే అలవాటు ఒకటి ఉన్నది. ఈసీయూ చేతిల ఉంటే ఇంజిన్ ఆగంగనే పంప్ కూడ ఆగుతది, నేరుగ కలిపితే యాక్సిడెంట్ అయి ఇంజిన్ ఆగినా పైపు తెగినా పంప్ పెట్రోల్ తోస్తనే ఉంటది. ఈ షార్ట్‌కట్ మాత్రం ఎవ్వరూ తీసుకోవద్దు.

క్రాంక్ సిగ్నల్: ఇంజిన్ యాడ ఉన్నదో తెల్వకుంటే ఏం చేస్తది?

ఈసీయూకు ఇంజిన్ తిరుగుడు క్రాంక్ సెన్సర్ నుంచే తెలుస్తది. చక్రానికి 36 పండ్ల జాగల ఒకటి తీసేస్తే 36-1 అంటరు, 60ల రెండు తీసేస్తే 60-2. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఈసీయూ 'ఇక్కడి నుంచి లెక్క' అనుకుంటది. సెన్సర్లు రెండు రకాలు. హాల్ సెన్సర్ మూడు వైర్లది, చాన వాటికి 5 లేదా 12 వోల్ట్‌లకు ఒక పుల్-అప్ రెసిస్టర్ కావాలె, అది లేకుంటే ఆర్‌పీఎం సున్నానే చూపిస్తది. వీఆర్ సెన్సర్‌ది రెండు వైర్ల వ్యవహారం, అయస్కాంతం, తీగచుట్ట ఉంటయి, తిరిగే వేగాన్ని బట్టి దాని కరెంటు పెరుగుతది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 200 ఆర్‌పీఎం దగ్గర చాన తక్కువ వోల్టేజ్ ఇస్తది, అందుకే పంటికి సెన్సర్‌కు నడుమ సందు 1 మిల్లీమీటర్ చుట్టుపక్కల ఉండాలె, ఎక్కువైతే స్టార్టింగ్‌ల సిగ్నలే సరిపోదు.

వీఆర్ సెన్సర్ రెండు వైర్లు ఉల్టా అయితే బండి స్టార్ట్ కాదనుకుంటరు. చాన సార్లు అవుతది. అదే మోసం. ఐడిల్ కూడ పడ్తది, 3,000 దాటినంక మిస్సింగ్ మొదలైతది, లాగ్‌ల (ఈసీయూ రాసుకునే రికార్డుల) 'సింక్ లాస్' లెక్క, అంటే పండ్ల లెక్క ఎన్నిసార్లు తప్పిందన్నది, పెరుగుతుంటది. పన్ను నడిమధ్య దాటే కాడ సిగ్నల్ నిటారుగ పడ్తది, ఈసీయూ ఆ పడేదాన్నే పట్టుకోవాలె. వైర్లు మారితే వాలుగ ఉండే దిక్కును పట్టుకుంటది, ఆ వాలు వేగంతోని మారుతది కాబట్టి టైమింగ్ కూడ జరుగుతది.

దీన్ని కంటితోని చూడొచ్చు. సాఫ్ట్‌వేర్‌ల టైమింగ్‌ను 10 డిగ్రీల కాడ లాక్ చేసి, మొదటి సిలిండర్ ప్లగ్ వైర్‌కు టైమింగ్ లైట్ క్లిప్ పెట్టి, క్రాంక్ పుల్లీ మీది గుర్తుకు తెల్ల పెయింట్ పెట్టి వెలుగు కొట్టాలె. గుర్తు 10 కాడ కదలకుండ నిలవడాలె. 16 కాడ నిలవడితే ఆఫ్‌సెట్ నంబర్ (చక్రం మీది ఖాళీకి, పిస్టన్ పైకొచ్చే కాడికి నడుమ తేడా) 6 డిగ్రీలు తప్పు, సరిచేస్తే అయిపోతది. గని రేస్ ఇచ్చి 3,000కు తీస్కపోతుంటే గుర్తు మెల్లగ పక్కకు జారుతుంటే అది ఆఫ్‌సెట్ కాదు, సెన్సర్ వైర్లు ఉల్టా అన్నా అయి ఉండాలె, లేకుంటే సిగ్నల్ ఆలస్యానికి ఇచ్చిన సెట్టింగ్ అన్నా తప్పు ఉండాలె. గుర్తు అటిటు ఎగురుతుంటే నాయిస్, అంటే సెన్సర్ సిగ్నల్‌ల వేరే కరెంటు గలీజు కలుస్తున్నట్టు. ఇంకో జాగ్రత్త, రెండు సిలిండర్లకు ఒక్క కాయిల్ ఉండే వేస్టెడ్ స్పార్క్ బండ్లల్ల డయల్ ఉన్న టైమింగ్ లైట్లు కొన్ని డబుల్ చూపిస్తయి, డయల్ సున్నా మీద పెట్టి పుల్లీ గుర్తునే నమ్మాలె.

లాప్‌టాప్‌ల 10 అని కనవడ్డది కాబట్టి ఇంజిన్‌ల కూడ 10 ఉన్నదనుకునుడు ఈ మొత్తం పనిల అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. లోడ్ మీద పది డిగ్రీలు ఎక్కువ అడ్వాన్స్ ఉంటే (నిప్పు అంత ముందే పడితే) నాకింగ్, అంటే సిలిండర్ల పెట్రోల్ ఒక్కసారే పేలి కొట్టుడు, వచ్చి పిస్టన్ రింగుల జాగ పగులుతది, పెట్రోల్ ఎంత మంచిగ సెట్ చేసినా దాన్ని ఆపలేదు.

నాయిస్ విషయానికొస్తే, సెన్సర్ వైర్‌కు షీల్డ్ ఉన్న కేబుల్ వాడాలె, ఆ షీల్డ్‌ను ఈసీయూ దిక్కు ఒక్క కాడనే ఎర్త్ చెయ్యాలె. కాయిల్ వైర్ల పక్కపొంట దాన్ని తీస్కపోవద్దు. రెసిస్టర్ లేని ప్లగ్గులు పెడితే లాప్‌టాప్ యూఎస్‌బీ మాటిమాటికి తెగిపోతది, అది చూసి డబ్బా పాడైందనుకుంటరు.

కాయిల్, ఇంజెక్టర్

కాయిల్ వేడెక్కి కాలిపోతే లోకల్ కాయిల్ అని తిట్టుకుంటరు. ఎక్కువగ ఒక సెట్టింగ్ ఉల్టా ఉంటది. కాయిల్ నింపనీకి సుమారు 3 మిల్లీసెకన్లు కరెంటు ఇచ్చి ఆపాలె, ఆపిన క్షణంల నిప్పు పడ్తది. అవుట్‌పుట్ ఉల్టా పెడితే ఇయ్యాల్సిన టైంల ఆపుతది, ఆపాల్సిన టైంల ఇస్తది, కాయిల్ నిండుగనే కూసుంటది. పైగా నిప్పు 3 మిల్లీసెకన్లు ముందే పడ్తది: 1,000 ఆర్‌పీఎం దగ్గర అది 18 డిగ్రీలు, 3,000 దగ్గర 54 డిగ్రీలు. బ్యాక్‌ఫైర్ పటాకుల లెక్క వచ్చే బండ్లల్ల ఇది మొదట చూడాలె. అందుకే సెట్టింగ్ పక్కా అయ్యేదాక కాయిల్ ఫ్యూజ్ తీసిపెట్టుకుంటే మంచిది. లోపల్నే ఇగ్నైటర్ (కరెంటు ఇచ్చి ఆపే స్విచ్) ఉన్న కాయిల్‌కు, రెండే పిన్నుల సాదా కాయిల్‌కు సెట్టింగ్ వేరుంటది. సాదా కాయిల్‌ను నేరుగ ఈసీయూ చిన్న సిగ్నల్ పిన్‌కు కలిపితే ఈసీయూ లోపలి డ్రైవర్ (ఆ పిన్‌ను నడిపే సర్క్యూట్) కాలిపోతది.

ఇంజెక్టర్‌ది ఇంకో లెక్క. ముందు ఓమ్‌లు కొలవాలె. 12 నుంచి 16 వస్తే హై ఇంపీడెన్స్, మామూలుగ నడుస్తది. 2-3 ఓమ్‌లు వస్తే 14 వోల్ట్‌ల మీద సుమారు 5 నుంచి 7 ఆంపియర్లు లాగుతది, రెసిస్టర్ ప్యాక్ లేకుండ పెడితే ఈసీయూ డ్రైవర్ కాలుతది. దీని తర్వాతిది డెడ్ టైం, అంటే కరెంటు ఇచ్చినంక ఇంజెక్టర్ తెరుచుకోనీకి పట్టే టైం. 14 వోల్ట్‌ల కాడ సుమారు 1 మిల్లీసెకను, వోల్టేజ్ తగ్గితే పెరుగుతది. ఐడిల్‌ల మొత్తం పల్స్ 2.5 మిల్లీసెకన్లు అనుకుంటే పెట్రోల్ పోయేది 1.5ల మాత్రమే. డెడ్ టైం 0.3 తప్పు చెప్తే పెట్రోల్ 20 శాతం తప్పుతది. 5,000 ఆర్‌పీఎంల పెద్ద పల్స్ ఉన్నప్పుడు అదే తప్పు కనవడనే కనవడదు. హెడ్‌లైట్, ఏసీ, ఫ్యాన్ ఒక్కసారే వేసినప్పుడు బండి వణికితే గాలి సెట్టింగ్ కంటే ముందు ఈ డెడ్ టైం పట్టిక చూడాలె.

సెన్సర్ తప్పు చెప్తే

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే సగం పరీక్షలు అయిపోతయి. రాత్రంత ఆగిన బండిల పొద్దుగాల చావి ఆన్ చేసి చూస్తే కూలెంట్, గాలి రెండు ఉష్ణోగ్రతలు ఒక్కతీరుగ ఉండాలె, ఎందుకంటే ఇంజిన్ మొత్తం ఒక్కటే చల్లదనంల ఉన్నది. మైనస్ 40 చూపిస్తే వైర్ తెగింది, 150 దాటి చూపిస్తే షార్ట్ అయింది. బాష్ రకం సెన్సర్ 20 డిగ్రీల కాడ 2,500 ఓమ్‌ల దగ్గర, 80 కాడ 320 చుట్టుపక్కల చూపిస్తది, వేరే కంపెనీ పట్టిక పెడితే 85 ఉన్న ఇంజిన్ 60 అని కనవడ్తది. అప్పుడు ఈసీయూ 'ఇంకా వేడికాలే' అని పెట్రోల్ ఎక్కువ ఇస్తనే ఉంటది, ఫ్యాన్ కూడ ఆలస్యంగ తిప్పుతది. కొత్త ఈసీయూతోని మొదటిసారి ఐడిల్‌ల వదిలేముందు ఫ్యాన్ రిలే చేతితోని ఆన్ చేసి తిరుగుతున్నదా లేదా చూడకుండ పోవద్దు.

మ్యాప్ సెన్సర్‌కు ఇంజిన్ బంద్ ఉన్నప్పుడు చుట్టూ ఉన్న గాలి ఒత్తిడే కనవడాలె. వరంగల్ సముద్రమట్టానికి 270 మీటర్ల దగ్గర ఉంటది కాబట్టి 97 కిలోపాస్కల్ చుట్టుపక్కల రావాలె. 88 అనో 105 అనో వస్తే సెన్సర్ లెక్కనే తప్పు.

లాంబ్డా మీటర్‌ను (పొగను చూసి గాలి, పెట్రోల్ పాళ్లు చెప్పేది) గుడ్డిగ నమ్మొద్దు. అది కొలిచేది పొగల మిగిలిన ఆక్సిజన్‌ను. ఒక సిలిండర్ మిస్సింగ్ కొడ్తే కాలని గాలి, కాలని పెట్రోల్ రెండూ బయటికొస్తయి, మీటర్‌కు మాత్రం ఆక్సిజన్ ఎక్కువ కనవడి 'లీన్' (పెట్రోల్ తక్కువ) అంటది. ఆటోట్యూన్ (మీటర్ చూసి పట్టికను దానంతటదే మార్చేది) ఆన్‌ల ఉంటే అది నమ్మి పెట్రోల్ పెంచుతది, ప్లగ్గు ఇంకా తడుస్తది, మిస్సింగ్ ఇంకా పెరుగుతది. సైలెన్సర్ జాయింట్ సెన్సర్‌కు ముందు లీకైనా ఇదే జరుగుతది. మిస్సింగ్ ఉన్న బండి మీద ఆటోట్యూన్ నడిపితే పట్టిక మొత్తం పాడైతది.

మన ఎండలు, మన పెట్రోల్

మే నెలల వరంగల్‌ల 42-43 మామూలు, రామగుండం దిక్కు 45 దాటే రోజులూ ఉంటయి. బేస్ మ్యాప్ (మొదట ఎక్కించే పట్టిక) చేసినాయన బండి ఏ చల్లటి ఊర్లనో ఉండొచ్చు. ఇక్కడ అరగంట ఆగిన బండిల బానెట్ కింద వేడి పైకి లేసి ఇంటేక్ మానిఫోల్డ్ కాలుతుంటది, గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ఆ అల్యూమినియం మీదనే ఉంటే 70 చూపిస్తది, లోపలికి పోయే గాలి మాత్రం 42నే ఉంటది. ఈసీయూ లెక్క ప్రకారం వేడి గాలి పల్చన కాబట్టి పెట్రోల్ తగ్గించాలె. 42 జాగల 70 అనుకుంటే తగ్గించేది 8 శాతం దగ్గర. చల్లగున్నప్పుడు సరిగ్గ ట్యూన్ చేసిన బండి మధ్యాహ్నం లీన్ అయి అందుకోకపోయేది ఇట్లనే. సెన్సర్‌ను ఎయిర్ ఫిల్టర్ దిక్కు పైపుల, రబ్బరు నడుమ పెడితే చాన మట్టుకు పోతది, లేదంటే ఐడిల్‌ల ఆ సవరణ ప్రభావం తగ్గించాలె.

పెట్రోల్ సంగతి. 2023 ఫిబ్రవరిల ఈ20 అమ్మకం మొదలైంది, 2025కు వచ్చేసరికి దేశమంతట కలుపుడు 20 శాతానికి చేరింది. ఇథనాల్‌ల ముందే ఆక్సిజన్ ఉంటది కాబట్టి అది కాలనీకి గాలి తక్కువ కావాలె. సాదా పెట్రోల్‌కు 14.7 కిలోల గాలికి ఒక కిలో అయితే, ఈ20కి 13.5 దగ్గర. అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ పొయ్యాలె. పాత పెట్రోల్ మీద ట్యూన్ చేసిన పట్టిక ఇప్పుడు కొన్ని శాతాలు లీన్ అవుడు మామూలే, ముఖ్యంగ స్టార్టింగ్, రేస్ ఇచ్చే క్షణం లాంటి లాంబ్డా సవరణ పనిచేయని కాడ.

ఇక్కడ చానమంది తికమకపడే మాట ఒకటుంది. మీటర్‌ల 14.7 కనవడ్తున్నదంటే ఈ20కి అది లీన్ కాదా అని. కాదు. మీటర్ కొలిచేది లాంబ్డాను, దాన్ని లోపల 14.7తోని గుణించి చూపిస్తది. ఏ పెట్రోల్ పోసినా లాంబ్డా 1 (గాలి, పెట్రోల్ సరిగ్గ సరిపోయిన లెక్క) అంటే ఆ మీటర్‌ల 14.7నే. మీటర్‌ను లాంబ్డాలకు మార్చుకుంటే ఈ గోల ఉండదు.

ఐడిల్, ఏసీ, మీటర్ బోర్డు

ఐడిల్ ఊగితే ముందు గాలి లీక్ చూడాలె, మానిఫోల్డ్ గాస్కెట్, బ్రేక్ బూస్టర్ పైపు, వాడక వదిలేసిన వాక్యూమ్ గొట్టాలు. అది లేదంటే ఐడిల్ వాల్వ్ బంద్ చేసి, టైమింగ్ లాక్ చేసి, లాంబ్డా సవరణ ఆపి చూడాలె. అప్పుడు ఊగుడు ఆగితే ఆ మూడిట్ల రెండు ఒకదాన్నొకటి గుంజుకుంటున్నయని అర్థం, ఒక్కొక్కటి ఆన్ చేస్తే ఏదో తెలుస్తది.

ఏసీ ఆగుడు వేరే. చాన బండ్లల్ల ఏసీ స్విచ్ నేరుగ కంప్రెసర్‌కు పోదు, ఈసీయూను అడుగుతది, అది ముందు గాలి పెంచి తర్వాత రిలే వేస్తది. కొత్త ఈసీయూల ఆ ఇన్‌పుట్, అవుట్‌పుట్ సెట్ చేయకుంటే ఏసీ రాదు, నేరుగ కలిపితే ఇంజిన్ ఆగుతది. మన ఎండలకు ఇది చిన్న సమస్య కాదు.

కొత్త బండ్లల్ల ఈసీయూ ఒంటరిగ ఉండదు, మీటర్ బోర్డు, ఏబీఎస్, స్టీరింగ్, ఇమ్మొబిలైజర్ (అసలు చావి కాకుంటే బండి స్టార్ట్ కానియ్యనిది) అన్ని క్యాన్ లైన్ అనే రెండు వైర్ల మీద మాట్లాడుకుంటయి. కంపెనీ డబ్బా మాయమైతే ఆర్‌పీఎం ముల్లు లేవదు, కొన్ని బండ్లల్ల స్టీరింగ్ లైట్ వెలిగి బరువైతది. బ్యాటరీ తీసి రెండు క్యాన్ వైర్ల నడుమ కొలిస్తే 60 ఓమ్‌లు రావాలె, 120 వస్తే ఒక చివరి రెసిస్టర్ కంపెనీ డబ్బాతోపాటే పోయింది. అది పెట్టినా మెసేజ్‌లు ఏ నంబర్ మీద పోవాల్నో తెలిసుండాలె. అందుకే పాత ఎస్టీమ్, జిప్సీలకు స్టాండలోన్ సులువు, ఈ మధ్య బండ్లకు రీమ్యాప్‌నే తెలివైన దారి.

పొల్యూషన్ టెస్ట్, చట్టం

బీఎస్-4, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకు పొల్యూషన్ టెస్ట్‌ల ఐడిల్‌తోపాటు 2,500 ఆర్‌పీఎం దగ్గర కూడ చూస్తరు, అక్కడ లాంబ్డా 0.97 నుంచి 1.03 నడుమ ఉండాలె. పవర్ కోసమని అన్ని కాడ్ల రిచ్‌గ (పెట్రోల్ ఎక్కువగ) పెట్టిన బండి ఇక్కడ తప్పుతది, క్యాటలిటిక్ కన్వర్టర్ కూడ వేడెక్కి కరుగుతది. లోడ్ లేని 2,500ల రిచ్ పెట్టి వచ్చే పవర్ ఏమీ లేదు కాబట్టి ఆ జాగలను 1 కాడ ఉంచుడే సరైన ట్యూన్.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను ఇష్టమున్నట్టు మార్చొద్దు, 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడ ఇదే మాట గట్టిగ చెప్పింది. అదే ఏడు సవరణల వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, ఆరు నెలల దాక జైలు, లేదా రెండూ పడొచ్చు. బీమా కంపెనీకి చెప్పకుంటే క్లెయిమ్ టైంల ఇదే అడ్డమొస్తది. రోడ్డు మీద తిరిగే బండికి, ట్రాక్ మీద మాత్రమే నడిచే కాలేజీ కారుకు నడుమ ఈ తేడా పెద్దది.

లాగ్ ఎట్ల చూడాలె

మడికొండ దాటి హైదరాబాద్ రోడ్డెక్కి ఒకాయన నడుపుకుంట ఇంకొకాయన లాప్‌టాప్ చూస్తనే లాగ్ తీయాలె, నడిపేటాయన స్క్రీన్ దిక్కు చూసే పని పెట్టుకోవద్దు. 'జర్క్ వస్తున్నది' అని ఫోన్ల చెప్తే ఏ ట్యూనర్ ఏం చేయలేడు, లాగ్‌ల ఆ క్షణం ఉంటే చాలు. ఆర్‌పీఎం, మ్యాప్ సెన్సర్ ఒత్తిడి, థ్రాటిల్, లాంబ్డా, బ్యాటరీ వోల్టేజ్, రెండు ఉష్ణోగ్రతలు, సింక్ లాస్ లెక్క ఇవన్నీ దాంట్ల ఉండాలె. ఒకసారి ఒక్కటే మార్చాలె, పాత ఫైల్ తేదీ పేరుతోని దాచాలె.

మొదట చెప్పిన మధ్యాహ్నం స్టార్ట్ కాని బండినే తీసుకుందాం. పొద్దుగాల స్టార్టయిన లాగ్ ఒకటి, ఎండల సతాయించిన లాగ్ ఒకటి, రెండూ పక్కపక్కన తెరవాలె. ఎండ లాగ్‌ల సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్‌పీఎం 180 చూపి సున్నా, మళ్ల 180, మళ్ల సున్నా అని తెగుతుంటే వేడికి క్రాంక్ సెన్సర్ సిగ్నల్ పోతున్నట్టు, సెన్సర్, సందు, వైర్ చూడాలె. ఆర్‌పీఎం గీత నిలకడగ ఉండి వోల్టేజ్ 9 కిందికి పడుతుంటే బ్యాటరీ, ఎర్త్ దిక్కు పోవాలె. ఆ రెండూ మంచిగుండి గాలి ఉష్ణోగ్రత 70 ఉన్నదంటే సెన్సర్ జాగ మార్చాలె. ఈ మూడు గీతలు పొద్దుటి తీరుగనే ఉండి అయినా అందుకోకుంటే అప్పుడు స్టార్టింగ్ పెట్రోల్ పట్టిక తెరిచి, 80 డిగ్రీల కాడ ఉన్న నంబర్‌ను ఐదైదు శాతం మార్చుకుంట చూడాలె.